వెలుపలి గడియ

ఏటేట సెప్టెంబరు 17వ తేది సమీపించునప్పటికి తెలంగాణమున నొక వాదము తల యెత్తుచున్నది. ఆ దినమును విమోచనదిన మనవలెనా, విలీనదిన మనవలెనా, సమైక్యతాదిన మనవలెనా యని సభలు జరుగును, ప్రకటనలు వెడలును, జెండాలు వేఱువేఱు చోట్ల నెగురును. ఇందూరు పఠనమందిరములలోను, బోధను అంగళ్లలోను, నాగపూరు బాటమీది ముప్కాలు వంటి గ్రామముల రచ్చకట్టలమీదను ఇదే ముచ్చట. పేరునుగూర్చి వాదించుట తప్పు కాదు; పేరునకు అర్థము కలదు. కాని యీ కలహములో అసలు ప్రశ్న మఱుగుపడుచున్నది. 1948కి ముందు హైదరాబాదు ప్రజలు కోరినదేమి? ఆ కోరికకు అడ్డుపడినవా రెవరు? అది నెఱవేరుటకు అంతకాల మేల పట్టెను?

ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము మన యింట మాత్రమే వెదకిన చాలదు. మనకంటె ముప్పది యేండ్లు ముందుగా ఇట్టి కోరికనే కోరి, ఇట్టి యడ్డంకులచేతనే భంగపడిన దేశ మొకటి కలదు. అది పారసీకము, నేటి ఇరాను. దాని కథను మన కథ ప్రక్క నుంచి చదివిన, ఒక సత్యము తేటపడును. ప్రజలకు జవాబుదారి కాని ప్రభుత్వము గల దేశము, వెలుపల గడియ గల యిల్లు వంటిది. లోపలివారు తలుపు వేసికొనజాలరు, తీసికొనజాలరు. దారిన పోవు బలవంతుడు తనకు వలసినప్పుడు తీయును, వలసినప్పుడు బిగించును.

పారసీకము మనకు క్రొత్త పేరు కాదు. హైదరాబాదు దర్బారులో పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగము వఱకు రాజభాష పారసీకమే. మన రెవెన్యూ లెక్కలలోని మాటలు సగము ఆ దేశపువే. అచ్చటి రాజ్యాంగోద్యమమునకు ప్రాణము పోసిన పత్రికలలో నొకటి, హబ్లుల్ మతీన్ అనునది, 1893 నుండి మన కలకత్తాలోనే అచ్చుపడి ఆ దేశమునకు పోవుచుండెను. తమ గడ్డపై సత్యము వ్రాయుటకు వీలులేక పరుల గడ్డపై వ్రాసికొనుట యెట్టిదో, గోలకొండ పత్రిక కాలమునాటి తెలంగాణపు వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యుద్యమము రగిలిన నిప్పురవ్వ యెట్టిదో బోధను ప్రాంతపువారు వినదగును. 1905 డిసెంబరులో టెహరాను నగరమున చక్కెర ధర పెరిగెను. నగరపాలకుడు చక్కెర వర్తకులను పిలిపించి, నేరవిచారణ యేదియు లేక అరికాళ్లపై బెత్తములతో కొట్టించెను. అంగళ్లు మూతబడెను. చక్కెర ధరతో మొదలిడిన రగడ, న్యాయస్థానము కావలె ననుటగా మాఱి, పిదప పార్లమెంటు కావలె ననుటగా పెరిగెను. 1906 వేసవిలో పండ్రెండు వేలకు పైగా జనము ఆంగ్ల రాయబారి తోటలో శరణుజొచ్చి కూర్చుండిరి. షా మెత్తబడెను. 1906 ఆగస్టు 5న ప్రజాప్రతినిధి సభకు అనుజ్ఞ యిచ్చెను. డిసెంబరు 30న రాజ్యాంగశాసనముపై సంతకము పెట్టెను. మజ్లిసు వెలసెను. ఆసియాఖండమున కత్తి దూయకయే ప్రజలు రాజుచేత రాజ్యాంగము వ్రాయించుకొనిరన్న వార్త మన దేశమునను ఎన్నో గుండెలకు ఊరట నిచ్చినది.

తోటలో శరణిచ్చిన ఆంగ్లేయులు తమవైపే యున్నారని ఆ ప్రజలు నమ్మిరి. ఆ నమ్మకము ఎంతోకాలము నిలువలేదు. 1907 ఆగస్టు 31న సెయింటు పీటర్సుబర్గులో రష్యా, ఇంగ్లండు ఒడంబడిక చేసికొనెను. పారసీకపు ఉత్తరభాగమున రష్యా పలుకుబడి; ఆగ్నేయభాగమున ఇంగ్లండు పలుకుబడి; నడుమ నున్నది ఇరువురికి వదలిన బయలు. ఆ ఒడంబడిక పీఠికలో పారసీకపు స్వాతంత్ర్యమును, అఖండత్వమును మన్నింతుమని యిరువురును వ్రాసిరి! ఇంటివాని నడుగక గదులు పంచుకొని, ఇల్లు మీదేనని గోడమీద వ్రాసిపోయినట్లు. మజ్లిసును అడిగినవారు లేరు. శతాబ్దకాలము కుమ్ములాడిన యీ రెండు రాజ్యములు జర్మనీకి భయపడి చేయి కలిపినవి. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విఱుగునని మన సామెత. ఆంబోతులు కుమ్ములాట మాని చెలిమి చేసినను లేగ బ్రదుకుట కష్టమేనని పారసీకము చూపినది.

పిదప జరిగిన కథ వేగముగ నడచినది. 1908 జూను 23న క్రొత్త షా తన కసాకు దళముచేత మజ్లిసు భవనముపై ఫిరంగులు పేల్పించెను. ఆ దళమునకు జీతము పారసీకపు బొక్కసమునుండి; అధిపతి లియాఖోవ్ అను రష్యా కర్నలు. కంచె చేను మేయుట యనగా నిదియే. తబ్రీజు నగరవాసులు సత్తార్ ఖాన్, బాఖర్ ఖానుల నాయకత్వమున నెలల తరబడి ముట్టడికి తాళిరి. 1909 జూలైలో ఉద్యమసేనలు టెహరాను చొచ్చి షాను గద్దె దింపెను. మజ్లిసు మరల కూడెను. ఖజానాను చక్కబెట్టుటకు మోర్గన్ షుస్టర్ అను అమెరికా వానిని 1911లో పిలిపించుకొనిరి. అతడు పన్ను వసూళ్లను గాడిలో పెట్టుటకు పూనుకొనుటతోడనే రష్యా కన్నెఱ్ఱజేసెను. అతనిని వెడలగొట్టుడు, ఇకమీదట మా యిరువురి సమ్మతి లేక పరదేశీయు నెవ్వనిని నియమింపకుడు, అని తాఖీదు పంపెను. ఇంగ్లండు అడ్డు చెప్పలేదు. మజ్లిసు తాఖీదును తిరస్కరించెను. డిసెంబరు 24న మజ్లిసు తలుపులు మూయబడెను. ఆ సంవత్సరమే దక్షిణపారసీకమున తమ వర్తకమును కాపాడుకొనుటకై ఆంగ్లేయులు షీరాజునకు పంపిన గుఱ్ఱపుదండు మన భారతదేశపు దండు. మన పన్నుల సొమ్ము, మన సిపాయి, పరుల స్వాతంత్ర్యపు గొంతుపై కాలుమోపుటకు పనికివచ్చినది. దీనిని మనము మఱవరాదు.

ఇక మన యింటికి వత్తము.

ఈ గడియ హైదరాబాదు తలుపునకు పారసీకముకంటె నూఱేండ్లు ముందే బిగిసినది. 1748లో మొదటి నిజాము మరణించినది మొదలు గద్దెకై వారసులు పోరాడిరి. ఒకరి వెనుక ఫ్రెంచివారు, మఱియొకరి వెనుక ఇంగ్లీషువారు నిలిచిరి. పిట్టపోరును పిల్లి తీర్చినట్లు తీర్పు చెప్పినది వెలుపలివారే. బుస్సీ ఫ్రెంచి సేనతో నిజాము నిలువబెట్టెను. జీతమునకై ఉత్తర సర్కారులు పుచ్చుకొనెను. 1758 డిసెంబరున పిఠాపురము చెంత చందుర్తి యుద్ధమున ఫోర్డు ఫ్రెంచివారి నోడించెను. మఱుసటి యేప్రిలున బందరు పట్టుకొనెను. 1766లో సర్కారులు కుంఫిణీవి కాజొచ్చెను. 1798 అక్టోబరులో, రేమండు పెంచిపోయిన ఫ్రెంచి దండును హైదరాబాదులోనే ఆయుధములు దింపించి చెదరగొట్టి, దాని స్థానమున ఇంగ్లీషు దండును నిలిపిరి. 1800 సంధితో బళ్లారి, కడప మొదలగు దత్తమండలములు ఆ దండు కర్చుక్రింద పోయెను.

పాఠకులు ఒక్క క్షణము ఆగి యోచింపవలెను. సర్కారులు, దత్తమండలములు, తెలంగాణము అని తెలుగునేల మూడు ముక్కలైనది ఏ తెలుగువాని కోరికచేత? ఏ సభ తీర్మానముచేత? రెండు పరజాతుల పోటీలో, ఒక ప్రభువు తన గద్దె నిలుపుకొనుటకై చెల్లించిన వెలచేత. ఇంగ్లీషు, ఫ్రెంచి వారి పగ ఐరోపాలో చల్లారినను, అది గీచిన గీతలు మన నేలమీద నేటికిని చెఱగలేదు.

దండు వెలుపలివాని చేతబడిన పిదప బొక్కసము పడుటకు ఆలస్యముండదు. పామరు కంపెనీ హైదరాబాదు ప్రభుత్వమునకు పెను వడ్డీలకు అప్పులిచ్చెను. ఆ యప్పు తీర్చుటకై 1823లో సర్కారుల మీద నిజామునకు రావలసిన పేష్కషు హక్కు, కోటి రూపాయలకు పైబడిన సొమ్మునకు, శాశ్వతముగ వదలుకొనవలసివచ్చెను. కంటింజెంటు దండు జీతపు బాకీ పేర 1853లో బీరారు పోయెను. 1902లో ఏటికి 25 లక్షల కౌలుకు శాశ్వతముగ పోయెను. బీరారును తిరిగి యడిగిన నిజామునకు 1926లో రీడింగు ప్రభువు, సార్వభౌమాధికారము మాది, మీరు మాతో సమానులు కారు, అని జాబు వ్రాసెను. షా సంగతియు నిట్టిదే. విలాసములకు, విదేశయాత్రలకు రష్యాయొద్ద అప్పులుచేసి సుంకముల ఆదాయము తాకట్టు పెట్టినాడు. అప్పిచ్చినవాడు మొదట పద్దులు చూచును, తరువాత పెత్తనము చూచును.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. తన బాకీకి, తన దండుకు, తన రహదారికి భంగము కలిగినప్పుడు రెసిడెన్సీవారు సంస్థానపు లోపలి వ్యవహారములలో చేయి పెట్టకపోలేదు. ప్రజలు సభ పెట్టుకొనుటకు గస్తీ నిశాను 53 క్రింద ముందుగా అనుమతి పొందవలెనని సర్కారు శాసించినప్పుడు మాత్రము, అది నిజాము అంతరంగిక వ్యవహారమని మిన్నకుండిరి. 1935 శాసనము ననుసరించి 1937లో బెజవాడ రైతు ఓటు వేసి మద్రాసు మంత్రివర్గమును నిలువబెట్టుచుండ, అదే తెలుగు మాటలాడు ఇందూరు రైతునకు ఓటు లేదు, సభ లేదు. ఆ సంవత్సరముననే ఇందూరున ఆఱవ ఆంధ్రమహాసభ మందుముల నర్సింగరావుగారి యధ్యక్షతను జరిగినది. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు పుట్టకముందే నిషేధింపబడినది. ఆ నిషేధము 1946 వఱకు తొలగలేదు. వారి కోరిక గద్దెను పడగొట్టుట కాదు. ఆసఫ్‌జాహీ ప్రభువు ఛత్రచ్ఛాయయందే బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని మాత్రమే. 1906 నాటి టెహరాను కోరికకును దీనికిని భేదమేమి?

కొంద ఱిట్లందురు: నిజాముసాగరమును కట్టించినది ఆ ప్రభుత్వమే కదా, బోధను చక్కెర కార్ఖానా పెట్టించినది ఆ ప్రభుత్వమే కదా, ఉస్మానియా విశ్వవిద్యాలయమును వెలయించినది ఆ ప్రభుత్వమే కదా, ప్రజల కింకేమి కొఱత? ఇది తేలికగ త్రోసివేయదగిన మాట కాదు. 1923 మొదలు 1931 వఱకు మంజీరపై కట్టిన ఆ యానకట్ట బోధను సీమను మెట్టనుండి మాగాణిగ మార్చినది. నీరు వచ్చెను, చెఱకు పండెను, 1937లో కార్ఖానా నిలిచెను. మంచిని మంచి యనుటకు మాకు వెనుకాట లేదు. కాని దయచేసి యిచ్చిన నీరు వేఱు, హక్కుగ తెచ్చుకొన్న నీరు వేఱు. కాలువ క్రింద పన్ను ఎంతయో, కార్ఖానాలో చెఱకు ధర ఎంతయో నిర్ణయించునప్పుడు రైతు మాట కెక్కడ చోటు? ఇచ్చిన చేయియే తీసికొన్నచో ఎవరితో చెప్పుకొనవలెను? రైతునకు నీరు పాఱినది గాని రాజ్యమున మాట పాఱలేదు.

1947 ఆగస్టు 15తో సార్వభౌమాధికారము తొలగెను. ఇంగ్లీషు గడియ ఊడినది. తలుపును ప్రజలకు తెఱచుటకు ప్రభువునకు అంతకంటె మంచి ముహూర్తము దొరకదు. కాని దర్బారు క్రొత్త గడియలను వెదకుటకు వెడలినది. నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక. వెనువెంటనే పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల అప్పు. లండను వకీలు మాంక్టన్‌గారి సలహాలు. ఇంగ్లండు పార్లమెంటులో చర్చిల్‌గారి ప్రసంగములు. కరాచినుండి రాత్రివేళ సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియావాని విమానములలో ఆయుధములు. 1948 ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు. కరాచి, లండను, పారిసు అన్నియు గుర్తువచ్చెను. తలుపు లోపలనున్న ప్రజలు మాత్రము గుర్తురాలేదు. వారికి మిగిలినవి రజాకార్ల దోపిడులు, బైరాన్‌పల్లి వంటి యూళ్లలో చావులు. స్వతంత్రముగ వ్రాసిన ఇమ్రోజు సంపాదకుడు షోయబుల్లాఖాను ఆ ఆగస్టుననే నడివీథిలో హతుడయ్యెను. ఇందూరు కోటలోని చెఱసాలలో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి వంటివారు బంధితులై యుండిరి. దాశరథి అక్కడి గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసెను. కోట యిప్పటికిని నిలిచియున్నది, పోయి చూడవచ్చును.

షోయబుల్లాఖాను పేరు మేము ఊరక చెప్పలేదు. ఇది హిందువులకును ముసల్మానులకును జరిగిన పోరని చెప్పువారు రెండువైపుల నున్నారు. టెహరానులో రాజ్యాంగము కోరినవారును, దానిపై ఫిరంగి పేల్చిన షాయు ఒక్క మతమువారే. అచ్చట పోరు మతముది కాదు. ఇచ్చటను మూలమున కాదు. ఆ పోరు అధికారము నొల్లక పంచని వానికిని, పంచుమని యడిగిన వానికిని. మతము పిదప పూసిన రంగు. ఆ రంగు పూసినవారి చేతులు మాత్రము రక్తసిక్తములైనవి.

ఇచట మా చదువరులలో నొకరు లేచి ప్రశ్నింపవచ్చును: పరరాజ్యముల జోక్యము తప్పందురు గదా, 1948 సెప్టెంబరు 13న వచ్చిన యూనియను సేన సంగతి యేమి? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి రెండు మాటలు చెప్పవలెను. మొదటిది: హైదరాబాదు ప్రజోద్యమము 1947 నుండియే యూనియనులో చేరవలెనని కోరి, ఆ కోరికకై చెఱసాలలకు పోయినది. లియాఖోవ్ ఫిరంగి ప్రజాసభను మూయుటకు వచ్చినది. ఈ సేన వచ్చిన నాలుగేండ్లలో ప్రజాసభ తెఱువబడినది. 1952లో స్త్రీపురుషులందఱు ఓటు వేసిరి. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. చెఱసాలలనుండియు అజ్ఞాతమునుండియు వచ్చినవారు ప్రతిపక్షమున కూర్చుండిరి. ఏ జోక్యము దేనికొఱకని యడిగిన ఇదియే కొలబద్ద: అది పోయిన పిదప ఓటు మిగిలినదా, మిగులలేదా?

రెండవ మాట చేదైనది, చెప్పక తప్పదు. సేన వచ్చిన పిమ్మట పశ్చిమ జిల్లాలలో నిరపరాధులైన ముసల్మానులపై ఘోరములు జరిగెను. ప్రభుత్వమే పంపిన పండిత సుందరలాల్ సంఘము, తక్కువ లెక్కన 27 వేలనుండి 40 వేల వఱకు ప్రాణములు పోయెనని వ్రాసినది. ఆ నివేదిక దశాబ్దముల కాలము బీరువాలలో నుండెను. రజాకార్ల దౌర్జన్యమును స్మరించుచు దీనిని విస్మరించుట న్యాయము కాదు. దీనిని స్మరించుచు దానిని విస్మరించుటయు కాదు. వెలుపలినుండి వచ్చిన యధికారులు కొలువులు నింపుటచేత 1952 సెప్టెంబరున విద్యార్థులు ముల్కీ నియమములకై వీథి కెక్కిరి; హైదరాబాదున కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. గడియ ఒకసారి ఊడినంతమాత్రమున ఇల్లు మనది కాదు. లోపల గడియ బిగించుకొనవలెను.

పారసీకము ఆ గడియ బిగించుకొనలేకపోయినది. 1908లో దక్షిణమున చమురు పడెను; లోభము హెచ్చెను. 1941 ఆగస్టున ఇంగ్లండు, రష్యాలు మరల చెఱియొక దిక్కునుండి చొచ్చెను. చమురును జాతిసొత్తు చేసిన ముసద్దిఖు ప్రభుత్వమును 1953 ఆగస్టున ఇంగ్లండు, అమెరికాల గూఢచారులు కూలద్రోయించిరి. 1906లో మొలిచిన రాజ్యాంగపు మొక్కను ప్రతి తరములో నొకమాఱు ఎవరో యొకరు త్రొక్కిరి. రాజ్యాంగము నేల పదనున్నపుడు త్రొక్కబడిన దేశమున, పిదప ఎవరు వచ్చి ప్రజలపేర పలికినను, ప్రజల మాట ఎంతవఱకు చెల్లునో చెప్పజాలము.

మన స్థితి అంతకంటె మేలు. ఓటు మన చేత నున్నది. కాని ఓటున్నచోట గడియ తానై లోపల పడదు. బోధను కార్ఖానాకథ మనకు తెలియును. 2002లో దానిలో సగమునకు మించిన భాగము ప్రైవేటువారి వశమైనది. 2015 డిసెంబరున గానుగ యాగినది. ఆ రెండు నిర్ణయములప్పుడును ఓటున్నది, శాసనసభ యున్నది. చెఱకు పండించినవానిని, గానుగ నడపినవానిని అడిగిన దెంత? నిజాము కాలమున అడుగువారు లేరు. నేడు అడుగవలసినవా రుండియు అడుగనిచో నేరము మనది.

కావున మా సూచన ఇది. సెప్టెంబరు 17కు ఏ పేరైన పెట్టుకొనుడు. కాని ఆనాడు జిల్లాలోని ప్రతి గ్రంథాలయమునను, ముప్కాలు మొదలు బోధను వఱకు, జెండా దిగిన పిదప పదిమంది కూర్చుండి మూడు చదువుడు: బాధ్యతాయుత ప్రభుత్వము కోరిన వారి కథ, రజాకార్ల కాలపు కథ, సుందరలాల్ నివేదిక. చదివిన పిమ్మట ఒక్క ప్రశ్న వేసికొనుడు: మా యూరి చెఱువు, మా పంట ధర, మా బడి, ఇవి నిర్ణయమగు చోట మా మాట వినబడుచున్నదా? వినబడినచో ఆనాటి చెఱసాలల కష్టము వృథా కాలేదు. వినబడనిచో, గడియ యింకను వెలుపలనే యున్నదని తెలిసికొని, దానిని లోపలికి మార్చుకొను పనికి పూనుకొనుడు. ఆ పని ఏ పరరాజ్యమును మనకు చేసిపెట్టదు. ఏ ప్రభువును చేసిపెట్టడు.